పేకాట బల్ల మీద మద్రాసు: దేశాల ఆయుధ పోటీ, కార్టూనిస్టు గీత

మద్రాసు హైకోర్టు ప్రహరీ గోడకు సముద్రం వైపున ఒక చిన్న ఫలకం ఉంది. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ ఈ నగరం మీద గుళ్ళు కురిపించినదానికి అది గుర్తు. పారీస్ కార్నర్‌లో బస్సు దిగి కోర్టుకో, బర్మా బజారుకో, బీచ్ స్టేషన్‌కో పరుగెత్తే జనంలో దాని ముందు ఆగేవాళ్ళు తక్కువ. అక్కడి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే తంబుచెట్టి వీధి ఉంది. ఆంధ్రపత్రిక, భారతి చాలా ఏళ్ళు అచ్చయిన వీధి అది. ఆంధ్రపత్రిక మద్రాసులో దినపత్రికగా మొదలైంది 1914 ఏప్రిల్ 1న. ఎమ్డెన్ వచ్చిన రాత్రికి దానికి ఇంకా ఆరు నెలలు నిండలేదు.

దేశాల మధ్య సైనిక పోటీని ఎగతాళి చేసే కార్టూన్లను ఎలా చదవాలన్న ప్రశ్నకు చెన్నైలో ఇంతకంటే మంచి చోటు దొరకదు. ఎందుకంటే ఎమ్డెన్ పుట్టిందే అలాంటి పోటీలో. 1906లో బ్రిటన్ డ్రెడ్‌నాట్ అనే కొత్త రకం యుద్ధనౌకను నీళ్ళలోకి దించింది. దాని ఫిరంగుల ముందు, టర్బైన్ల వేగం ముందు అప్పటిదాకా కట్టిన పెద్ద నౌకలన్నీ ఒక్క దెబ్బతో పాతబడిపోయాయి. బ్రిటన్ సొంత నౌకలు కూడా అందులో ఉన్నాయి. దాంతో అందరూ మళ్ళీ మొదటి మెట్టు దగ్గర నిలబడ్డట్టయింది. ఇప్పుడైతే బ్రిటన్‌ను అందుకోవచ్చని జర్మనీకి ఆశ పుట్టింది, జర్మనీ అందుకుంటుందేమోనని బ్రిటన్‌కు భయం పుట్టింది. 1909లో బ్రిటన్ వీధుల్లో ‘మాకు ఎనిమిది కావాలి, ఇక ఆగలేం’ అని జనం నినాదాలిచ్చారు. ఎనిమిదంటే ఎనిమిది డ్రెడ్‌నాట్లు.

ఆ సంవత్సరమే ఎమ్డెన్ జర్మన్ నౌకాదళంలో చేరింది. ఆ సంవత్సరమే అమెరికా హాస్యపత్రిక ‘పక్’లో గ్లాకెన్స్ అనే చిత్రకారుడు ఒక కార్టూన్ వేశాడు. అమెరికా, జర్మనీ, బ్రిటన్, ఫ్రాన్స్, జపాన్ ఒక బల్ల చుట్టూ కూర్చుని పేకాడుతుంటాయి. అది నౌకాదళాల పోటీ. ఆటకు పైహద్దు లేదని శీర్షికే చెబుతుంది.

మూడుముక్కలాట తెలిసినవాళ్ళకు ఈ బొమ్మను విడమరచి చెప్పక్కర్లేదు. ఎదుటివాడి చేతిలో ఏముందో తెలియదు. వాడు పందెం పెంచితే మనమూ పెంచాలి, లేదంటే ముక్కలు కింద పడేసి అప్పటిదాకా పెట్టినదంతా వదులుకోవాలి. పెట్టిన సొమ్ము పెరిగేకొద్దీ లేచిపోవడం కష్టమవుతుంది. వాడు నిజంగా మంచి ముక్కలతో ఆడుతున్నాడా, బ్లైండ్ ఆడుతున్నాడా అన్న టెన్షన్‌లోనే ఇంకో నోటు బల్ల మీద పడుతుంది. ఆయుధ పోటీ గురించి పండితులు పెద్ద పుస్తకాల్లో చెప్పే సంగతి ఇదే: నేను నా రక్షణ కోసం కొన్నది నీకు బెదిరింపులా కనిపిస్తుంది, నువ్వు నీ రక్షణ కోసం కొన్నది నాకు బెదిరింపులా కనిపిస్తుంది, చివరికి ఇద్దరి భద్రతా తగ్గుతుంది, ఇద్దరి ఖర్చూ పెరుగుతుంది. కార్టూనిస్టు దీన్ని ఒక బల్ల, అయిదు కుర్చీలతో చెప్పేశాడు.

ఆ బల్ల దగ్గర మద్రాసుకు కుర్చీ లేదు. అయినా అయిదేళ్ళ తర్వాత ఆ పోటీ కాలంలో కట్టిన నౌకల్లో ఒకటి రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో ఇక్కడికి వచ్చి, వందకు పైగా గుళ్ళు పేల్చి, రేవు దగ్గరున్న బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులకు నిప్పు పెట్టి వెళ్ళిపోయింది. కనీసం ఐదుగురు చనిపోయారు. తర్వాతి రోజుల్లో భయంతో ఎంతోమంది నగరం విడిచి ఊళ్ళకు వెళ్ళారు. వాళ్ళకు బెర్లిన్‌తో తగాదా లేదు. లండన్ తమ తరఫున పెట్టిన పందెంలో వాళ్ళు సొమ్ము, అంతే.

సైనిక పోటీ మీద వచ్చిన ఏ కార్టూన్‌నైనా చూసేటప్పుడు మొదట వెతకాల్సింది వీళ్ళనే. బల్ల దగ్గర లేనివాళ్ళు ఆ బొమ్మలో ఎక్కడున్నారు? గీసి ఉంటే ఎంత గీశాడు? గీయకపోతే వాళ్ళు లేని లోటు మనకు తెలిసేలా గీశాడా, లేక వాళ్ళ ఊసే రాకుండా శత్రువు ముఖంతోనే పేజీ నింపేశాడా? గీత ఎంత అందంగా ఉంది, నవ్వు ఎంత గట్టిగా వచ్చింది అనేవి ఆ తర్వాతి ప్రశ్నలు.

ఈ తేడా ఎంత పాతదో చూడాలంటే ఇంకో వందేళ్ళు వెనక్కి వెళ్ళాలి. లండన్‌లో జేమ్స్ గిల్‌రే 1805లో గీసిన బొమ్మలో బ్రిటన్ ప్రధాని పిట్, ఫ్రాన్స్ చక్రవర్తి నెపోలియన్ భోజనాల బల్లకు చెరోవైపు కూర్చుని ఉంటారు. మధ్యలో పళ్ళెంలో పొగలు కక్కే గుండ్రటి పుడ్డింగ్. అదే భూగోళం. పిట్ సముద్రాల వైపు కోసుకుంటున్నాడు, నెపోలియన్ యూరప్ ముక్కను కత్తితో లాక్కుంటున్నాడు. గిల్‌రే బ్రిటన్ వాడు, అప్పుడు ఫ్రాన్స్‌తో యుద్ధం నడుస్తోంది. అయినా తన ప్రధాని ఆకలిని ఆయన దాచలేదు. ఇద్దరూ తింటున్నారు. పళ్ళెంలో ఉన్నది మిగతా ప్రపంచం. ఆ గోళం మీద మన కోరమండల్ తీరం కూడా ఎక్కడో ఉంటుందని ఇక్కడి పాఠకుడికి అనిపించకపోదు. ఆరేళ్ళ కిందటే, 1799లో, శ్రీరంగపట్నం మీద ఇంగ్లీషువాళ్ళు నడిపించిన సేనలో మద్రాసు సైన్యం ఉంది.

అదే గిల్‌రే ఇంకో పని కూడా చేశాడు. నెపోలియన్‌ను మరుగుజ్జులా, కాళ్ళు నేలకేసి కొట్టే మొండి పిల్లాడిలా పదేపదే గీశాడు. నిజానికి నెపోలియన్ ఎత్తు దాదాపు 5 అడుగుల 6 అంగుళాలు, ఆ కాలపు ఫ్రెంచివాళ్ళలో మామూలు ఎత్తే. కానీ రెండు వందల ఏళ్ళు దాటినా ప్రపంచమంతా ఆయన్ను పొట్టివాడనే అనుకుంటోంది. తెలుగులో చరిత్ర చదువుకున్న పిల్లవాడిని అడిగినా అదే చెబుతాడు. ఒక గీత అబద్ధాన్ని ఎంతకాలం మోయగలదో ఇంతకంటే రుజువు అక్కర్లేదు. పుడ్డింగ్ బొమ్మ గొప్పదీ, పొట్టి నెపోలియన్ బొమ్మ కొంచెం ప్రమాదకరమైనదీ. రెండూ ఒకే చేతి నుంచి వచ్చాయి.

శత్రువును చిన్నవాణ్ణి చేయడం, జంతువును చేయడం, రాక్షసుణ్ణి చేయడం కార్టూన్‌లో అన్నిటికంటే సులువైన పని. సొంత దేశంలో దానికి చప్పట్లు ఖాయం. సంపాదకుడికి ఇబ్బంది లేదు, ప్రభుత్వానికి ఇష్టం. ఆ సులువే దానిలోని లోపం. జర్మనీలో 1896లో మొదలైన ‘సింప్లిసిసిముస్’ అనే పత్రిక దీనికి బాధాకరమైన ఉదాహరణ. సైనికాధికారుల బడాయిని, జర్మన్ చక్రవర్తి కైజర్ గొప్పలను అది కనికరం లేకుండా గీసేది. కైజర్ పాలస్తీనా యాత్ర మీద 1898లో వేసిన సంచికకు దాని చిత్రకారుడు హైనే ఆరు నెలలు జైల్లో ఉన్నాడు. అంత ధైర్యమున్న పత్రిక 1914 ఆగస్టులో యుద్ధం మొదలవగానే ఒక్కసారిగా తిరిగిపోయింది. నిన్నటిదాకా సొంత సేనాపతుల మీద నడిచిన కలాలు ఆ తర్వాత ఇంగ్లీషువాళ్ళ మీద, ఫ్రెంచివాళ్ళ మీద నడిచాయి. చేయి తిరిగిన చిత్రకారులే, గీతలో పదును తగ్గలేదు. కానీ ఆ బొమ్మల్లోంచి బల్ల మాయమైంది, బల్ల అవతలివాడు మాత్రమే మిగిలాడు.

రష్యాలో బోరిస్ యెఫీమోవ్ కథ ఇంకా బరువైనది. ఆయన 108 ఏళ్ళు బతికి 2008లో చనిపోయాడు. సోవియట్ రాజ్యం కోసం దశాబ్దాల పాటు శత్రువులను గీశాడు. 1947లో అమెరికా సైన్యం ఉత్తర ధ్రువం వైపు వస్తున్నట్టు ఒక బొమ్మ వేయమని స్టాలిన్ స్వయంగా చెప్పి వేయించాడు, కింది మాటలను తన చేత్తో దిద్దాడు. ఈ సంగతి చెప్పింది యెఫీమోవే. ఆయన అన్న మిఖాయిల్ కోల్త్సోవ్ పేరున్న పాత్రికేయుడు. ఆయన్ను 1940లో కాల్చి చంపింది కూడా ఆ స్టాలిన్ రాజ్యమే. తమ్ముడి కుంచె ఆగలేదు, ఆగే వీలు లేదు. యెఫీమోవ్‌ను తప్పుపట్టడం తేలిక. అలాంటి రాజ్యంలో బతికి చూడనివాళ్ళు ఆ తీర్పు చెప్పకపోవడమే న్యాయం. కానీ కార్టూన్ గురించి ఒకటి చెప్పవచ్చు: పాలకుడు పక్కన నిలబడి దిద్దిన బొమ్మలో బల్లకు అవతలి వైపు మాత్రమే కనిపిస్తుంది.

ఇక్కడ డేవిడ్ లో అనే కార్టూనిస్టు దగ్గర కొంచెంసేపు ఆగాలి. న్యూజిలాండ్‌లో పుట్టి లండన్‌లో స్థిరపడిన లో, రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో ఈ విద్యను ఎక్కడికో తీసుకెళ్ళాడు. 1932లో జెనీవాలో ఆయుధాలు తగ్గించుకోవడానికి పెద్ద సమావేశం మొదలైంది. రెండేళ్ళు మాట్లాడి ఏమీ తేల్చలేదు. 1934 మేలో డేవిడ్ లో వేసిన బొమ్మలో సమావేశానికి వచ్చిన పెద్దలు వేదిక మీద నిలబడి కిందనున్న జనంతో మాట్లాడుతుంటారు. మేం ఓడిపోయాం, మీ యుద్ధోన్మాదాన్ని మేం అదుపు చేయలేకపోయాం అన్నది వాళ్ళ మాటల సారాంశం. కింద నిలబడ్డ జనం మామూలు జనం. యుద్ధం కావాలని వాళ్ళెవరూ అడగలేదు. బల్ల దగ్గర లేనివాళ్ళను లో ఏకంగా బొమ్మ ముందు భాగానికి తెచ్చాడు, ఆడినవాళ్ళు తప్పును వాళ్ళ నెత్తినే రుద్దుతున్నారని చూపించాడు. జనం కోరుకుంటున్నారు కాబట్టే ఆయుధాలు కొంటున్నాం అన్న మాట ఏ దేశంలో వినిపించినా ఆ బొమ్మ గుర్తుకు రావాలి.

లో గీతలు ఎంత దూరం వెళ్ళాయంటే, 1937లో బ్రిటన్ మంత్రి హాలిఫాక్స్ జర్మనీ వెళ్ళినప్పుడు అక్కడి నాయకులు లో కార్టూన్ల మీద ఫిర్యాదు చేశారు. తిరిగి వచ్చాక హాలిఫాక్స్ డేవిడ్ లోను కలిసి కాస్త తగ్గమని కోరాడు. లో కొద్దికాలం హిట్లర్ ముఖాన్ని నేరుగా గీయడం మానేశాడు. హిట్లర్, ముస్సోలినీ పోలికలు కలిపి ‘మజ్లర్’ అనే కొత్త పాత్రను తయారు చేశాడు. శాంతి కోసం కార్టూన్‌ను తగ్గించమనడం వినడానికి మంచి మాటలాగే ఉంటుంది. ఆ తర్వాత రెండేళ్ళలో ఏం జరిగిందో చూస్తే, తగ్గాల్సింది ఆ గీత కాదని తెలుస్తుంది.

1939 సెప్టెంబరు 20న వచ్చిన ఆయన బొమ్మ అన్నిటికంటే ప్రసిద్ధం. హిట్లర్, స్టాలిన్ ఎదురెదురుగా నిలబడి టోపీలు తీసి వంగి నమస్కరించుకుంటుంటారు. ఇద్దరి నోటా మర్యాదగా వచ్చేది పచ్చి తిట్టు: ఒకడు లోకంలోని మురికివి నువ్వేనా అంటాడు, రెండోవాడు కార్మికుల రక్తం తాగిన హంతకుడివి నువ్వేనా అంటాడు. వాళ్ళ కాళ్ళ దగ్గర, అప్పుడే ఇద్దరూ ఆక్రమించిన పోలండ్ శవం పడి ఉంటుంది. ఆ శవానికి లో ఎక్కువ గీతలు ఖర్చు పెట్టలేదు. అయినా బొమ్మ మొత్తం దాని చుట్టూనే నిలబడుతుంది. ఆ శవాన్ని వేలితో కప్పి చూస్తే మిగిలేది ఇద్దరు నాయకుల మీద సరదా బొమ్మ. వేలు తీస్తే ఒళ్ళు జలదరిస్తుంది. కార్టూన్ ఎక్కడ బతికి ఉందో తెలుసుకోవడానికి ఇలా ఒక్కో భాగాన్ని కప్పి చూడటం మంచి పద్ధతి.

చిన్న దేశం వైపు నుంచి చూసిన బొమ్మల్లో జాన్ టెనియల్ 1878లో ‘పంచ్’ పత్రికలో వేసినది మనకు దగ్గరిది. అఫ్గాన్ అమీర్ షేర్ అలీ మధ్యలో నిలబడి ఉంటాడు, ఒక పక్క రష్యా ఎలుగుబంటి, ఇంకో పక్క బ్రిటన్ సింహం. రెండూ స్నేహితులమనే చెప్పుకుంటాయి. ఈ స్నేహితుల నుంచి కాపాడండి అని అమీర్ వేడుకుంటున్నట్టు శీర్షిక. ‘ఎద్దులు పోట్లాడుకుంటే లేగల కాళ్ళు విరిగాయి’ అని తెలుగులో ఎప్పటి నుంచో ఉన్న మాట ఈ బొమ్మకు సరిగ్గా సరిపోతుంది. పంచ్ సామ్రాజ్యం పక్షాన నిలిచే పత్రిక. టెనియల్ కూడా ఆ కళ్ళతోనే లోకాన్ని చూసినవాడు. అయినా ఆ ఒక్క బొమ్మలో లేగ ముఖం కనిపించింది. అఫ్గానిస్తాన్ ఆ తర్వాత ఎన్నిసార్లు అలా నిలబడాల్సి వచ్చిందో చెప్పనక్కర్లేదు.

తెలుగువాళ్ళకు ఈ రకం ఎగతాళి పరాయిది కాదు. యుద్ధపు బడాయిని నవ్వే మాటలు భాషలోనే ఉన్నాయి. అంతఃపురంలో ఆడవాళ్ళ ముందు కౌరవసేనను ఊదేస్తానని చెప్పి, తీరా సేనను చూడగానే రథం దిగి పారిపోయిన ఉత్తరకుమారుడి ప్రగల్భాలు ఇప్పటికీ రోజువారీ మాటల్లో వినిపిస్తాయి. తోలుబొమ్మలాటలో రామరావణ యుద్ధం భీకరంగా సాగుతుండగా కేతిగాడు, బంగారక్క మధ్యలో దూరి కడుపు సంగతి, ఊరి సంగతి మాట్లాడతారు. యుద్ధం చేసే రాజులకు తెర నిండా చోటున్నా, జనం నవ్వేది, జనం తమ మాటగా వినేది కేతిగాడి మాటే. బల్ల దగ్గర లేనివాణ్ణి తెర మీదకు లాక్కురావడమంటే అదే. పల్నాటి యుద్ధం కథలో నాగమ్మ, బ్రహ్మనాయుడు ఆడిన కోడిపందెం ఉంది. పందెం ఓడినవాళ్ళు అడవులకు పోయారు, చివరికి రెండు వైపులా వీరులు కారంపూడిలో నేలకొరిగారు. దేశాలను పుంజులుగా గీసే కార్టూనిస్టులు లోకమంతటా ఉన్నారు. పుంజు కాలికి కత్తి కట్టేవాడు వేరే ఉంటాడని పల్నాటి కథ విన్నవాళ్ళకు ముందే తెలుసు.

అంత ముడిసరుకు ఉన్నా తెలుగు కార్టూన్ ఎక్కువగా ఇంటి చుట్టూ, ఆఫీసు చుట్టూ, అసెంబ్లీ చుట్టూ తిరిగింది. తొలి తెలుగు కార్టూనిస్టుగా చెప్పుకునే తలిసెట్టి రామారావు బొమ్మలు 1930లలో ఈ మద్రాసు నుంచే, భారతి పత్రికలో వచ్చాయి. 1955లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి లా పట్టా తీసుకున్న బాపు ఆంధ్రపత్రికలో రాజకీయ కార్టూన్లు వేశారు. వాళ్ళ గీతలోని బలం ఎరిగిన మనిషిని ఎరిగినట్టు గీయడంలో ఉంది. రాయపేటలోనో, నర్సాపురంలోనో, అసెంబ్లీ వరండాలోనో చూసిన మనిషి కాబట్టి పాఠకుడు వెంటనే గుర్తుపడతాడు. క్షిపణులు, జలాంతర్గాములు అలా కళ్ళ ముందుకు రావు. పత్రిక చేతిలో పట్టుకున్న పాఠకుడికి వాటి ధర తెలియదు, వాటి బరువు తెలియదు, వాటిని ఎవరు నడుపుతారో తెలియదు. తెలియనిదాని మీద నవ్వు పుట్టదు. భయమో భక్తో పుడతాయి.

1962 అక్టోబరు ఈ సంగతిని బాగా చూపిస్తుంది. ఆ నెల 20న చైనాతో యుద్ధం మొదలైంది. సరిగ్గా ఆ రోజుల్లోనే క్యూబా దగ్గర అమెరికా, రష్యా అణుయుద్ధం అంచుదాకా వెళ్ళాయి. మద్రాసులో తెలుగు, తమిళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు జాతీయ రక్షణ నిధికి గాజులు తీసి ఇస్తున్న సమయమది. లడఖ్, నేఫా (ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్) పేర్లు అందరి నోటా ఉన్నాయి, క్యూబా పేరు ఎవరికి పట్టింది? కానీ ప్రపంచం ఆ వారంలోనే అన్నిటికంటే పెద్ద ప్రమాదం దాటింది. అక్టోబరు 28న రష్యా వెనక్కి తగ్గింది. మర్నాడు లండన్ ‘డైలీ మెయిల్’లో లెస్లీ ఇల్లింగ్‌వర్త్ బొమ్మ వచ్చింది. అమెరికా అధ్యక్షుడు కెన్నడీ, రష్యా నేత క్రుశ్చేవ్ చెరొక హైడ్రోజన్ బాంబు మీద కూర్చుని ముంజేతి పందెం ఆడుతుంటారు. రెండో చేయి మీట మీద ఉంది. ముఖాల మీద చెమట కారుతోంది. ఇద్దరిలో ఎవరు గెలిచినా ఇద్దరూ పోతారు. ఇక్కడ మూడోవాణ్ణి గీయకపోయినా లోటు లేదు, ఎందుకంటే ఆ బాంబు పేలితే చూడటానికి మూడోవాడు మిగలడు. మూడు రోజుల తర్వాత అమెరికాలో హెర్‌బ్లాక్ అనే కార్టూనిస్టు అదే ఇద్దరినీ ఒక పెట్టె మూత మీద పడి నొక్కుతున్నట్టు గీశాడు. లోపల అణుయుద్ధమనే భూతం ఉంది. దీనికి ఒక తాళం చేయిద్దాం అన్నది దాని భావం. శత్రువులిద్దరూ ఒకే పని మీద వంగి ఉన్న బొమ్మ అది. ఆ మరుసటి ఏడాదే అమెరికా, రష్యా, బ్రిటన్ అణుపరీక్షల మీద పాక్షిక నిషేధానికి సంతకాలు చేశాయి. కార్టూన్ వల్ల సంతకాలు జరిగాయని ఎవరూ అనరు. అలాంటి ఒప్పందం ఊహకు అందేలా చేసినవాళ్ళలో మాత్రం ఆ గీతలకు చోటుంది.

మన దగ్గరికి వస్తే పని ఇంకా కష్టం. 1998 ఏప్రిల్‌లో పాకిస్తాన్ ఘోరీ క్షిపణిని పరీక్షించింది. మేలో 11, 13 తేదీల్లో పోఖ్రాన్‌లో మన అణుపరీక్షలు జరిగాయి. అదే నెల 28, 30 తేదీల్లో పాకిస్తాన్ బలూచిస్తాన్‌లో తన పరీక్షలు చేసింది. ఘోరీ అన్నది 12వ శతాబ్దపు దండయాత్రికుడి పేరు. మన పృథ్వి క్షిపణి పేరుకు అర్థం భూమి. కానీ రెండు పేర్లు పత్రికలో పక్కపక్కన పడేసరికి పృథ్వీరాజు, ఘోరీల పాత యుద్ధం ఎవరికైనా తలపుకు వస్తుంది. అణ్వస్త్రాలు మోయగల యంత్రాలను ఎనిమిది వందల ఏళ్ళ నాటి పగతో ముడిపెట్టి చూసే ఈ అలవాటు ఎంత ప్రమాదమో గీతలో పెట్టగలిగితే, అది రెండు దేశాల్లోనూ చదవాల్సిన కార్టూన్ అవుతుంది.

సియాచిన్ గురించి కూడా చెప్పాలి. 1984 నుంచి రెండు సైన్యాలూ ఆ మంచు మీద ఎదురెదురుగా ఉన్నాయి. అక్కడ తూటాల కంటే చలి, మంచుచరియలు ఎక్కువమందిని తీసుకెళ్ళాయి. 2012 ఏప్రిల్‌లో గయారీ దగ్గర చరియ విరిగిపడి పాకిస్తాన్ వైపు 140 మంది చనిపోయారు. 2016 ఫిబ్రవరిలో మన వైపు పదిమంది సైనికులు మంచు కింద కూరుకుపోయారు. వాళ్ళు 19 మద్రాస్ బెటాలియన్‌వాళ్ళు. ఎక్కువమంది తమిళ, తెలుగు, కన్నడ, మలయాళ ఇళ్ళ పిల్లలు. ఆరు రోజుల తర్వాత ఒకరు ప్రాణాలతో దొరికి, ఆస్పత్రిలో కొన్ని రోజులకే కన్నుమూసినప్పుడు దక్షిణాదిలో ఏడవని ఇల్లు తక్కువ. ఆ మంచు మీద నిలబడినవాళ్ళ మీద నవ్వడానికి ఎవరికీ హక్కు లేదు. సైనిక పోటీని ఎగతాళి చేసే కార్టూన్ దాటకూడని గీత ఇది. బిల్ మాల్డిన్ అనే అమెరికన్ సైనికుడు రెండో ప్రపంచ యుద్ధంలో ఈ గీతను బాగా ఎరిగి నడిచాడు. బురదలో, వానలో, గడ్డాలు పెరిగి, అలసిపోయిన ఇద్దరు మామూలు సైనికులను గీశాడు. వాళ్ళు నవ్వించింది తమను అక్కడికి పంపిన పద్ధతుల మీద, అధికారుల దర్జా మీద. జనరల్ ప్యాటన్‌కు అవి నచ్చలేదు. సైనికులు మాత్రం ఆ బొమ్మలు కత్తిరించి దాచుకున్నారు. 1945లో ఆయనకు పులిట్జర్ బహుమతి వచ్చింది.

చెన్నైలో ఉండే తెలుగువాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. ఆవడిలో హెవీ వెహికల్స్ ఫ్యాక్టరీ ఉంది. మన దేశంలో తయారైన మొదటి యుద్ధట్యాంకు విజయంత 1960లలో అక్కడి నుంచే బయటికి వచ్చింది. ఆ తర్వాత టి-72, టి-90, అర్జున్ ట్యాంకులు అక్కడే తయారయ్యాయి. అర్జున్‌ను రూపొందించిన పరిశోధనశాల కూడా ఆవడిలోనే. ఆ కాలనీల్లో పెరిగిన తెలుగు కుటుంబాలున్నాయి. వాళ్ళకు ట్యాంకంటే నాన్న షిఫ్ట్, అమ్మ కట్టిన డబ్బా, పండుగ బోనస్. వాళ్ళ ముందు ఆయుధాన్ని రాక్షసిగా గీసిన బొమ్మ పెడితే మనసు నొచ్చుకుంటుంది, నొచ్చుకోవడం సబబే. ప్రపంచ దేశాల సైనిక ఖర్చు 2024లో 2.7 లక్షల కోట్ల డాలర్లు దాటిందని స్టాక్‌హోమ్‌లోని సిప్రీ సంస్థ లెక్క చెబుతోంది. ఆ లెక్కలో ఆవడి కార్మికుడి జీతమూ ఉంది, ఎక్కడో కట్టని ఆస్పత్రీ ఉంది. ట్యాంకు మీద భూతద్దం పెట్టి గీసే బొమ్మ ఈ రెంటినీ పట్టుకోలేదు. రూబ్ గోల్డ్‌బర్గ్ బొమ్మ ఒకటి పట్టుకుంది. 1948లో పులిట్జర్ తెచ్చిన ఆ కార్టూన్‌లో లోయ అంచున ఒక పెద్ద అణుబాంబు ఊగుతూ ఉంటుంది. దాని మీద ఒక ఇల్లు, ఇంటి ముందు తీరికగా కూర్చున్న కుటుంబం. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఆ బాంబే వాళ్ళకు నేల.

ఇప్పుడు కార్టూన్ పత్రికలో కంటే ఫోన్‌లో ఎక్కువ తిరుగుతోంది. పహల్గాం దాడి తర్వాత 2025 మేలో నాలుగు రోజులు ఇరువైపులా దాడులు జరిగినప్పుడు, చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ ఆఫీసుల్లో పనిచేసే తెలుగు యువత ఫోన్లలోకి, వేళచ్చేరి అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లోకి మీమ్‌లు వరదలా వచ్చాయి. వీడియో గేమ్ దృశ్యాలను నిజమైన యుద్ధమని పంచుకున్న సందర్భాలు కూడా ఆ రోజుల్లో బయటపడ్డాయి. మీమ్‌కు సంతకం ఉండదు. డేవిడ్ లో బొమ్మ కింద ఆయన పేరు ఉంది కాబట్టే నాజీలకు ఎవరి మీద ఫిర్యాదు చేయాలో తెలిసింది, వాళ్ళు అరెస్టు చేయదలచినవారి జాబితాలో ఆయన పేరు ఎక్కింది. సంతకం పెట్టినవాడు రేపు మాట మారిస్తే పాఠకుడు నిలదీస్తాడు. ఎవరు చేశారో తెలియని మీమ్ ఎప్పుడూ శత్రువును చిన్నవాణ్ణి చేసే సులువు దారే పడుతుంది, ఎందుకంటే అదే వేగంగా ముందుకు పోతుంది. మంచి మీమ్‌లు లేవని కాదు. పెట్రోలు ధర, విమానాల రద్దు, సరిహద్దు ఊళ్ళలో చీకటి రాత్రుల మీద వచ్చినవాటిలో కేతిగాడి గొంతు వినిపించింది. అవి మాత్రం అంత దూరం వెళ్ళలేదు.

సంతకానికి వెల కూడా ఉంటుంది. అదే 2025 ఫిబ్రవరిలో, అమెరికా సైనిక విమానాల్లో భారతీయులను సంకెళ్ళతో తిప్పి పంపిన రోజుల్లో, చెన్నైకి చెందిన వికటన్ సంస్థ ప్రధానిని సంకెళ్ళతో ట్రంప్ పక్కన కూర్చోబెట్టి ఒక కార్టూన్ వేసింది. కొద్ది రోజులకే సంస్థ వెబ్‌సైట్ తెరుచుకోకుండా పోయింది. విషయం మద్రాసు హైకోర్టుకు వెళ్ళింది. ఆ కార్టూన్‌ను తాత్కాలికంగా తీసేస్తే సైట్‌ను తెరవాలని మార్చిలో కోర్టు చెప్పింది. కార్టూన్ బాగుందా లేదా అన్నదాని మీద ఎవరి అభిప్రాయం వాళ్ళది. ఒక్క బొమ్మ కోసం మొత్తం పత్రిక తలుపు మూయడం మాత్రం ఎటు చూసినా ఎక్కువే.

ఎమ్డెన్ మద్రాసు తర్వాత రెండు నెలలు కూడా బతకలేదు. 1914 నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా నౌక సిడ్నీ దాన్ని దెబ్బతీసింది. నౌక పోయినా పేరు మాత్రం ఇక్కడే ఉండిపోయింది. గడుసువాణ్ణి, ఎక్కడ ఎప్పుడు తేలతాడో తెలియనివాణ్ణి తమిళంలో ‘ఎమ్డెన్’ అంటారు. చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగు ఇళ్ళల్లోనూ పాతవాళ్ళ నోట ఆ మాట వినవచ్చు. అల్లరి పిల్లవాణ్ణి, ఇంటి బకాయి ఎగ్గొట్టి మాయమయ్యే అద్దెవాణ్ణి ఆ పేరుతో పిలిచిన అవ్వలకు కైజర్ ఎవరో, డ్రెడ్‌నాట్ ఏమిటో తెలియదు. ఆ రాత్రి నూనె ట్యాంకుల మంట ఆకాశం దాకా లేచిందని మాత్రం వాళ్ళ అమ్మలు చెప్పగా విన్నారు.